పన్నెండు గంటల కచేరీ: మద్రాసు డిసెంబరు జ్ఞాపకాలు

డిసెంబరు మొదటి వారం దాటిందంటే మా ఇంట్లో ఫోను మోగడం మొదలవుతుంది. రాజమండ్రి నుంచి పిన్ని, హైదరాబాదు నుంచి బావగారి పిల్లలు, డాలస్ నుంచి మేనకోడలు. అందరూ అడిగేది ఒకటే. "క్రిస్మస్‌కీ జనవరి ఒకటికీ మధ్య వారం రోజులు మద్రాసు వద్దామనుకుంటున్నాం. ఏ కర్ణాటక సంగీత కచేరీలకి వెళ్ళాలో చెప్పు." 1996లో ఊరి పేరు చెన్నైగా మారింది గానీ మా ఇళ్ళల్లో ఇప్పటికీ మద్రాసే.

వాళ్ళకి కావలసింది పెద్ద పేర్ల జాబితా. అది పేపర్లోనే దొరుకుతుంది. నేను చెప్పేది మాత్రం ఏటా ఒకటే మాట: మధ్యాహ్నం పన్నెండు గంటల కచేరీకి వెళ్ళండి, ముందు వరసలో కూర్చోండి. ఎందుకని అడిగితే ఫోనులో చెప్పడానికి తెమలదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మా నాన్న సినిమా ఆర్కెస్ట్రాలో ఫిడేలు వాయించడానికి రాజమండ్రి నుంచి మద్రాసు వచ్చారు. అప్పట్లో తెలుగు సినిమా పాట ఏదైనా కోడంబాకం, వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల రికార్డింగ్ థియేటర్లలోనే పుట్టేది. పొద్దున ఏడింటికి కాల్‌షీటు. ఫిడేళ్ళ వరసలో ఎక్కడో ఒక కుర్చీ, ముందు నొటేషన్ కాగితం. ఆయన వాయించిన పాటలు ఆంధ్రదేశమంతా పాడుకునేది, ఆయన పేరు మాత్రం ఏ రికార్డు మీదా ఉండేది కాదు. దాని గురించి ఆయన ఎన్నడూ బాధపడలేదు. మేం టీ నగర్‌లో, పానగల్ పార్కుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేవాళ్ళం. ఆ పేటకి పెట్టిన పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది, పార్కుకి పెట్టింది పానగల్ రాజావారిది. మా వీధిలో సగం ఇళ్ళల్లో తెలుగే వినిపించేది. నేను అరవం నేర్చుకున్నది బళ్ళో చేరాకే.

డిసెంబరులో మధ్యాహ్నం కాల్‌షీటు లేని రోజున నాన్న స్టూడియో నుంచి తిన్నగా ఇంటికొచ్చి, నన్ను సైకిలు మీద ఎక్కించుకుని ఏదో ఒక సభకి, అంటే కచేరీలు పెట్టే సంగీత సంస్థ హాలుకి, తీసుకెళ్ళేవారు. ఎక్కువగా వాణీ మహల్. జి.ఎన్. చెట్టి రోడ్డులో మాకు దగ్గర. ఆ సభని స్థాపించింది చిత్తూరు నాగయ్య గారు. తెర మీద త్యాగరాజుగా నటించిన మనిషి, తాను సంపాదించిన రోజుల్లో త్యాగబ్రహ్మ పేరు మీద సంగీత సభ పెట్టారు. ఆ హాల్లో కాలు పెట్టినప్పుడల్లా నాన్న ఒక్క క్షణం ఆగి దణ్ణం పెట్టుకునేవారు. వేదిక మీద ఎవరు కూర్చున్నా సరే, ముందు ఆ దణ్ణం.

ఈ డిసెంబరు పండగ ఎలా మొదలైందో కూడా నాన్నే చెప్పారు. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగింది. దానితోపాటు సంగీత సదస్సు కూడా పెట్టారు. అందులోంచి 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. అక్కడినుంచి ఏటా డిసెంబరులో సదస్సు, కచేరీలు. కాలం కూడా అనుకూలమే. ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబడతాయి, ఎండ మెత్తబడుతుంది, ఆఫీసులకీ కాలేజీలకీ సెలవులొస్తాయి. ధనుర్మాసంలో పెళ్ళి ముహూర్తాలుండవు, కాబట్టి విద్వాంసులకి పెళ్ళి కచేరీలూ ఉండవు. అకాడమీని చూసి మిగతా సభలు ఒక్కొక్కటీ డిసెంబరుకే చేరాయి. ట్రిప్లికేన్‌లో పార్థసారథి స్వామి సభ అకాడమీకంటే పాతది. టీ నగర్‌లో కృష్ణ గాన సభ, ఆళ్వార్‌పేటలో నారద గాన సభ, మైలాపూర్‌లో ఫైన్ ఆర్ట్స్ క్లబ్బు, రసిక రంజని సభ. ఇవి కాక ఆర్కే, రాగసుధ లాంటి చిన్న హాళ్ళు. 2017లో యునెస్కో ఈ ఊరిని సంగీత నగరాల జాబితాలో చేర్చింది. మైలాపూర్ మాడవీధుల్లో పొద్దున్నే నడిచినవాళ్ళకి ఆ కబురు కొత్తగా అనిపించి ఉండదు.

ఆ మాడవీధులతోనే మొదలుపెట్టండి. మార్గళి నెలలో, అంటే మన ధనుర్మాసంలో, తెల్లారకముందే కపాలీశ్వరుడి గుడి చుట్టూ భజన బృందాలు తిరుగుతాయి. ఒకప్పుడు పాపనాశం శివన్ గారే ముందు నడుస్తూ పాడేవారని పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. టికెట్టు లేదు, మైకు లేదు. వీధి పొడవునా ముగ్గులు, వాటి మధ్య చెప్పుల్లేని కాళ్ళు. మీకు ఆ పాట రాకపోయినా చివరి మాట అందుకోవచ్చు, ఎవరూ ఏమనుకోరు. అయ్యాక ఓ కాఫీ తాగి అకాడమీకి వెళితే అక్కడ పొద్దుటిపూట సోదాహరణ ప్రసంగాలు. దానికీ టికెట్టు లేదు. ఒక రాగం రెండొందల ఏళ్ళలో ఎలా మారిందో, ఒక కీర్తనకి ఎన్ని పాఠాంతరాలున్నాయో పెద్ద విద్వాంసులు పాడి చూపిస్తూ వాదించుకుంటారు. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలుంటే దీన్ని వదలొద్దు.

ఇక కచేరీల లెక్క. సభల్లో రోజుని మూడు నాలుగు ముక్కలు చేస్తారు. మధ్యాహ్నం పన్నెండుకో రెండింటి లోపో జూనియర్లు, నాలుగింటికి సబ్ సీనియర్లు, సాయంత్రం ఆరున్నర ఏడింటికి సీనియర్లు. సాయంత్రానివి టికెట్టు కచేరీలు, మధ్యాహ్నానివి చాలావరకు ఉచితం. అసలు సంగతి అక్కడే ఉంది. మధ్యాహ్నం పాడే పిల్ల ఏడాదంతా ఆ గంటన్నర కోసమే సాధన చేసి ఉంటుంది. ఆమెకిచ్చే డబ్బు పక్కవాద్యాలకి పంచితే ఆటో ఛార్జీలకి సరిపోతుంది. అయినా ఉన్న విద్యంతా ఆ వేదిక మీద పెడుతుంది, ఎందుకంటే వచ్చే ఏడాది నాలుగింటి కచేరీ వస్తుందో రాదో ఆ గంటన్నరలో తేలాలి. పెద్దవాళ్ళ కచేరీల్లో నిండుదనం ఉంటుంది, కాదనను. మధ్యాహ్నం వినపడే ఆకలి మాత్రం సాయంత్రం వినపడదు.

నేను మొదట పక్కవాద్యంగా ఫిడేలు వాయించింది అలాంటి మధ్యాహ్నమే. హాల్లో ఉన్నది ముప్ఫై మందిలోపే. వెనక వరసల్లో భోజనం చేసి కళ్ళు మూసుకున్న రిటైరైన పెద్దలు. మూడో వరస చివర ఒక మామి, అంటే అరవ పెద్దావిడ. తొమ్మిది గజాల చీర, పైన బూడిదరంగు శాలువా, ఒళ్ళో పాత డైరీ. పాడిన ప్రతి కీర్తనా, రాగం, తాళం రాసుకునేవారు. ఆవిణ్ణి అంతకుముందు ప్రేక్షకుల్లో ఎన్నోసార్లు చూశాను, వేదిక మీద నుంచి చూడటం అదే మొదలు. కచేరీ అయ్యాక ఫిడేలు పెట్టెలో పెడుతుంటే మెట్ల దగ్గరికొచ్చి అరవంలో అడిగారు.

"నువ్వు తెలుగమ్మాయివా?"

"అవును మామీ. ఎలా తెలిసింది?"

"మాట తెగకుండా వాయిస్తున్నావు."

అంతే అని వెళ్ళిపోయారు. నేను నాన్న మొహం చూశాను. ఆయన కళ్ళు మెరిశాయి.

ఆవిడ అన్నది ఏమిటో కొంచెం విడమరచాలి. ఈ కచేరీల్లో పాడే కీర్తనలు చాలావరకు తెలుగువే. గాయకురాలు పాడిన పంక్తినే ఫిడేలు వెనకాల పలికించాలి. పదం మధ్యలో తాళం దెబ్బ పడుతుంది చాలాసార్లు. భాష తెలియని చెయ్యి ఆ దెబ్బ దగ్గర కమానుని, అంటే ఫిడేలు మీద లాగే కర్రని, వెనక్కి తిప్పేస్తుంది. అలా తిప్పిన చోట మాట రెండుగా విరుగుతుంది. భాష తెలిసిన చెయ్యి దెబ్బని లోపల లెక్కపెట్టుకుంటూ మాట చివరిదాకా ఒకే కమాను మీద లాగి, అక్కడ తిప్పుతుంది. వినేవాళ్ళలో చాలామందికి ఈ తేడా పేరుపెట్టి చెప్పడం రాదు, ఏదో హాయిగా ఉందనుకుంటారు. నాకిది నేర్పినది మా మాస్టారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి బాణీలో విజయనగరంలో నేర్చుకున్న మనిషి. సరళీ స్వరాలు పూర్తయ్యాక ఆరునెలలు నాచేత కీర్తనలు వాయించనివ్వకుండా పాడించారు. "నోటికి రాని మాట చేతికెలా వస్తుందమ్మా?" అనేవారు. ఆ మామికి తెలుగు మాట్లాడటం రాదు. దశాబ్దాలపాటు విని విని మాట ఎక్కడ ముగుస్తుందో చెవికి పట్టుకున్నారు. అలాంటి శ్రోతలు ఆ ఊళ్ళో వందలమంది ఉండేవారు, ఇప్పటికీ కొందరున్నారు.

అలాంటప్పుడు తెలుగు పుట్టుకతో వచ్చిన మనం ఆ హాల్లో కూర్చుంటే ఎంత బలమో ఆలోచించండి. నెరవల్ పాడేటప్పుడు, అంటే ఒకే పంక్తిని పట్టుకుని రాగం పెంచేటప్పుడు, ముందు వరసలో ఒక్కరు అర్థం తెలిసి తల ఊపితే పాడేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. మాట తప్పుగా విరిచేవాళ్ళు కూడా సర్దుకుంటారు. నేను వేదిక మీదనుంచి చూసిన విషయమిది. తెలుగు తెలియని అరవ పిల్లలు కచేరీ అయ్యాక నా దగ్గరికొచ్చి "అక్కా, ఈ చరణం అర్థం చెప్పండి" అని పెన్సిలుతో రాసుకుంటారు. వాళ్ళ శ్రద్ధ చూస్తే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

పక్కవాద్యంవాళ్ళ రోజు ఎలా ఉంటుందో కూడా చెబుతాను, వినేటప్పుడు పనికొస్తుంది. పాడేవాళ్ళని చాలాసార్లు వేదిక మీదే మొదటిసారి కలుస్తాం. రిహార్సలుండదు. ఏం పాడబోతున్నారో కూడా తెలియదు. రాగం రెండు స్వరాలు పలకగానే పట్టుకోవాలి. శ్రుతి, అంటే పాటకి ఆధారమైన స్వరస్థాయి, మగవాళ్ళది ఒకటి, ఒకటిన్నర. ఆడవాళ్ళది ఐదు, ఐదున్నర. ఒకే రోజు పన్నెండింటికి మైలాపూర్‌లో ఐదున్నర, నాలుగింటికి టీ నగర్‌లో ఒకటి అంటే తీగల బిగువు పూర్తిగా మారుతుంది. కొత్త బిగువుకి తీగ అలవాటు పడేలోపే కచేరీ మొదలవుతుంది, ఏసీ గాలికి శ్రుతి జారుతూ ఉంటుంది. అందుకే మాలో చాలామంది రెండు ఫిడేళ్ళు ఉంచుకుంటాం. నాన్న తన ఫిడేలు నాకిచ్చేసింది ఇందుకే. దాన్ని ఒకటిన్నరకి ఉంచాను, నాది ఐదున్నరకి. ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఆ రోజుల్లో నాకు ఒకటిన్నర ఫిడేలు అవసరం పడింది తక్కువే. ఆడపిల్ల ఫిడేలంటే ఆడవాళ్ళు పాడే కచేరీకే అన్నట్టు ఉండేది. ఆడవాళ్ళ పక్కన తాము కూర్చోబోమని బాహాటంగానే చెప్పే మృదంగ విద్వాంసులుండేవారు. ఒక సభలో అచ్చేసిన కార్డులో నా పేరుంది. తీరా వెళ్ళేసరికి నా చోట వేరే అబ్బాయి శ్రుతి చేసుకుంటున్నాడు. కారణం ఎవరూ చెప్పలేదు. నాన్న ఎవరితోనూ పోట్లాడలేదు. నా ఫిడేలు పెట్టె తాను అందుకుని "పద అమ్మలూ, వినడానికి ఇంకో కచేరీ ఉంది" అని పక్క వీధిలో సభకి నడిపించారు. ఆ రోజు విన్న శంకరాభరణం నాకింకా చెవుల్లో ఉంది. కోపం కూడా ఉంది, పోలేదు. విజయనగరం నుంచి వచ్చిన అవసరాల కన్యాకుమారి గారు ఎం.ఎల్. వసంతకుమారి గారి పక్కన ఏళ్ళ తరబడి వాయించి, తన పేరు తానే నిలబెట్టుకున్నారు. 2016లో ఆవిడకి అకాడమీ సంగీత కళానిధి ప్రకటించింది. ఆ బిరుదు వచ్చినవాళ్ళే ఆ ఏటి సదస్సుకి అధ్యక్షత వహిస్తారు. ఫిడేలు వాయించే ఆడవాళ్ళలో ఆ బిరుదు అందుకున్న మొదటి మనిషి ఆవిడే. 1941లో మన ద్వారం నాయుడు గారు అధ్యక్షత వహించిన ఆ సదస్సుకే, డెబ్భై అయిదేళ్ళ తరవాత, విజయనగరం పిల్లే అధ్యక్షురాలు. ఆ కబురు విన్న రోజున మేం ఫిడేలువాళ్ళం, ముఖ్యంగా ఆడవాళ్ళం, ఒకరికొకరు ఫోన్లు చేసుకుని ఏడ్చాం.

1987 డిసెంబరు 24 సంగతి చెప్పకుండా ఈ రాత పూర్తికాదు. ఆ మధ్యాహ్నం నాకు పన్నెండు గంటల కచేరీ ఉంది. పాడాల్సింది విజయవాడ అమ్మాయి, నా ఈడుదే, వాళ్ళమ్మతో వచ్చి మా ఇంట్లోనే దిగింది. తెల్లవారుజామున ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్. పోయారని రేడియో చెప్పింది. తెల్లారేసరికి పానగల్ పార్కు చుట్టూ ఒక్క కొట్టు తలుపు తెరవలేదు. బస్సుల్లేవు. దూరంగా కేకలు వినపడేవి, మళ్ళీ నిశ్శబ్దం. కచేరీ లేదని ఎవరూ కబురు చేయలేదు, చేయక్కర్లేదు. విజయవాడ అమ్మాయి వంటింటి గుమ్మంలో కూర్చుని మాట్లాడకుండా ఉంది. రైలుకి డబ్బులు కూడబెట్టుకుని వచ్చారు వాళ్ళు. వాళ్ళమ్మ మాటిమాటికీ "పోనీలే, వచ్చే ఏడాది" అంటున్నారు. ఆ మాట అన్నప్పుడల్లా ఆ పిల్ల తల ఇంకాస్త దించుకుంటోంది.

నాన్న గోడ గడియారం చూశారు. పదకొండూ ముప్పావు. కిందకి వెళ్ళి ఇంటివారి మామిని అడిగారు. ఆవిడ పొద్దుటినుంచీ ఏడుస్తూనే ఉంది, ఎం.జి.ఆర్. అంటే దేవుడావిడకి. "ఇలాంటి రోజున పాడుకుంటే తప్పా అమ్మా?" అని అడిగితే, "పాటంటే ఆయనకీ ఇష్టమే. పాడుకోండి" అంది. వెనక సందులో ఉండే మృదంగం కుర్రాడు వాద్యం గుడ్డలో చుట్టుకుని పెరటి దారిన వచ్చాడు. హాల్లో చాప పరిచాం. కిటికీలు మూశాం. తంబురా మా అమ్మ మీటింది. సరిగ్గా పన్నెండింటికి నాన్న "మొదలుపెట్టండమ్మా" అన్నారు.

వర్ణంతో మొదలుపెట్టి ఏదీ తగ్గించకుండా పూర్తి కచేరీ చేసింది ఆ అమ్మాయి. మైకు లేదు కాబట్టి గొంతు ఉన్నదున్నట్టు వినపడింది. మెయిన్, అంటే కచేరీలో ప్రధానంగా పాడే కీర్తన, కల్యాణి రాగంలో. ఆలాపనలో తారస్థాయి షడ్జం మీద నిలిచినప్పుడు, ఆ ఉదయంనుంచీ బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలినట్టయింది మా అందరికీ. కుర్రాడు తని ఆవర్తనం, అంటే పాట ఆగి తాళవాద్యం ఒక్కటే వినిపించే భాగం, కూడా వాయించాడు. చెయ్యి తడిపి మెత్తగా వాయించాడు, వీధిలోకి వినపడకుండా. వీళ్ళు ముక్తాయింపు దాకా వచ్చేసరికి కిందింటి మామి ఎప్పుడొచ్చిందో గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆఖర్న అరవంలో ఒకటి పాడమని అడిగింది. ఆ అమ్మాయికి పాపనాశం శివన్ గారిది ఒకటి వచ్చు. పాడింది. నేను సాహిత్యం సరిగ్గా తెలియకుండా వాయించిన పాట ఆ రోజుకి అదొక్కటే.

ఆ మామి అడిగిన కోరిక వెనక పెద్ద చరిత్రే ఉందని తరవాత చదివి తెలుసుకున్నాను. అరవదేశంలో కచేరీ అంటే మొదటినుంచి చివరిదాకా తెలుగు కీర్తనలే అయిపోతే అక్కడి జనానికి తమ భాషలో వినాలనిపించదా? 1943లో రాజా సర్ అణ్ణామలై చెట్టియార్ తమిళ ఇసై సంఘం పెట్టింది అందుకే. ఇప్పటికీ ఎస్ప్లనేడ్ దగ్గర రాజా అణ్ణామలై మండ్రంలో డిసెంబరులో వాళ్ళ ఉత్సవం జరుగుతుంది. మన తెలుగువాళ్ళు కొందరు ఆ ఉద్యమం పేరెత్తితే చిన్నబుచ్చుకుంటారు. నా మటుకు నాకు వాళ్ళు అడిగింది న్యాయమే. వీలైతే ఒక పూట ఆ హాలుకీ వెళ్ళండి. శివుడి మీద పాత తమిళ పాటలు, తేవారం, పాడితే విని రండి. మన త్యాగరాజుని ఇన్ని తరాలు మోసినవాళ్ళ సొంత పాట అది.

సాయంత్రం కచేరీల గురించి తక్కువే చెబుతాను, వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా చిన్నతనంలో మా ఇంట్లో అందరం కలిసి టికెట్టు కొనుక్కుని వెళ్ళింది బాలమురళీకృష్ణ గారి కచేరీకి, నేదునూరి కృష్ణమూర్తి గారి కచేరీకి. 1978లో బాలమురళిగారికి, 1983లో శ్రీపాద పినాకపాణి గారికి, 1991లో నేదునూరి గారికి కళానిధి వచ్చింది. ఒక్కొక్కసారీ మా ఇంట్లో పాయసమే. బాలమురళిగారు పాడుతుంటే తెలుగు మాట ఒక్క అక్షరం నలగకుండా వినపడేది. త్యాగరాజుగారి శిష్యుడు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన శిష్యుడు బాలమురళి. నాన్న ఈ వరస నాచేత పద్యంలా అప్పజెప్పించేవారు. 1980ల మొదట్లో పాలకొల్లు నుంచి ఒక కుర్రాడు ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని వచ్చాడు. నా ఈడువాడే. మెట్లున్న వాద్యం మీద గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, కుదురుతుందా అని పెద్దలు సందేహపడ్డారు. యు. శ్రీనివాస్ తీగని పక్కకి లాగి తోడి రాగం పలికించాక ఆ సందేహం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. హాలు నిండిపోతే బయట నేలమీద కూర్చుని విన్నాం. 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. 2016 నవంబరులో బాలమురళిగారు. ఆ డిసెంబరులోనే వర్దా తుపాను వచ్చి ఊళ్ళో చెట్లన్నీ పడగొట్టింది. కూలిన కొమ్మలు దాటుకుంటూ ఫిడేలు పెట్టె మోసుకుని కచేరీలకి వెళ్ళాం. చెట్లూ లేవు, ఆయనా లేరు. ఆ ఏడు మద్రాసు నాకు పరాయి ఊరిలా అనిపించింది.

కేంటీన్ల మాట చెప్పకపోతే మా పిన్ని ఊరుకోదు. సభ కేంటీనుకి కచేరీ టికెట్టుతో పనిలేదు. మధ్యాహ్నం అరిటాకు భోజనం, సాయంత్రం పొంగల్, రవ్వదోసె, అశోకా హల్వా, ఫిల్టర్ కాఫీ. పక్క బల్లమీద కూర్చున్నవాళ్ళు నిన్నటి భైరవి బాగుందా ఇవాళ్టి కాంభోజి బాగుందా అని వాదించుకుంటూ ఉంటారు. మీరూ కలుగజేసుకోవచ్చు. అయితే ఒక్క విన్నపం. మెయిన్ కీర్తన అయ్యి తని ఆవర్తనం మొదలవగానే లేచి కేంటీనుకి పోకండి. మృదంగం, ఘటం వాయించేవాళ్ళకి కచేరీ మొత్తంలో తమదంటూ ఉన్నది ఆ పది పదిహేను నిమిషాలే. కుర్చీలు టపటపా మూసుకుంటూ వరసలు ఖాళీ అవుతుంటే వాళ్ళ మొహాలు పక్కనుంచి చూసినదాన్ని నేను. తాళం తెలియకపోయినా కూర్చోండి. పక్కన తొడమీద తాళం వేస్తున్న పెద్దాయన చెయ్యి చూస్తే రెండు రోజుల్లో మీకే అందుతుంది.

ఇంకా చిన్న చిన్నవి. హాళ్ళల్లో ఏసీ గట్టిగా ఉంటుంది, శాలువా తెచ్చుకోండి. మైలాపూర్‌లో దిగితే తిరుమయిలై స్టేషను నుంచి గుడి, లజ్, చిన్న హాళ్ళు అన్నీ నడిచేంత దూరమే. రోజుకి రెండు కచేరీలకి మించి పెట్టుకోకండి, మూడోది చెవికి ఎక్కదు. అమెరికా పిల్లలొస్తే వాళ్ళని మధ్యాహ్నం తప్పకుండా తీసుకెళ్ళండి. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచీ త్యాగరాజ ఆరాధన జరుగుతోంది, అక్కడ పాడి పెరిగిన పిల్లలు ఇప్పుడు ఈ వేదికలెక్కుతున్నారు. తమ ఈడువాళ్ళు పాడటం చూస్తే వాళ్ళకి పట్టే ఉత్సాహం వేరు.

2020లో కచేరీలన్నీ తెరకెక్కాయి. అకాడమీ కూడా ఆన్‌లైన్‌లోనే పెట్టింది. ఖాళీ గదిలో కెమెరా ముందు వాయించాను. పాట అయ్యాక చప్పట్లు లేని ఆ నిశ్శబ్దంలో మొదటిసారి తెలిసింది, ముప్ఫై మంది ఉన్న హాలు ఎంత పెద్దదో. అప్పటినుంచి ఇంట్లోనే చూసే అలవాటు చాలామందికి ఉండిపోయింది. సాయంత్రాలకి ఆ నష్టం అంతగా తెలియదు. మధ్యాహ్నాలకే దెబ్బ. డైరీ పట్టుకున్న మామి తరం వెళ్ళిపోతోంది, ఆ కుర్చీల్లో ఎవరైనా కూర్చోవాలి.

ఈ ఏడాది నా శిష్యురాలు, కాకినాడ పిల్ల, మైలాపూర్‌లో పన్నెండు గంటల కచేరీకి పక్కవాద్యం వాయిస్తోంది. తారీకు, హాలు పేరు పిన్నికి చెప్పాను, ఆవిడ అందరికీ చెబుతుంది. పదకొండూ నలభైకల్లా వస్తే ముందు వరస దొరుకుతుంది. పాడే అమ్మాయి మెయిన్ ఏ రాగమో ఇంకా తేల్చలేదట. తోడి అయితే బావుండునని నా ఆశ.